1984 నాటి కాటలీనా 30 సెయిల్‌బోట్ కొందామనుకుంటున్నాం, డబ్బు కట్టేముందు ఏమేం చూడాలి?

పడవపిచ్చి
మేరీలాండ్ అనాపొలిస్‌లో నేనూ మా ఆవిడా ఏఎస్ఏ 101, 103 సెయిలింగ్ కోర్సులు పూర్తి చేశాం. ఇన్నాళ్ళూ క్లబ్బు బోట్లు అద్దెకు తీసుకుని చెసపీక్ బేలో తిరిగాం. ఇక సొంతంగా ఒకటి కొనాలని ఇద్దరం గట్టిగా అనుకున్నాం. అన్నీ కలిపి 30,000 డాలర్లు దాటకూడదు. పిల్లలిద్దరూ చిన్నవాళ్ళు.

రెండు బోట్లు నచ్చాయి. ఒకటి వర్జీనియా డెల్టావిల్ దగ్గర 1984 కాటలీనా 30, అడుగుతున్నది 16,500. యూనివర్సల్ కంపెనీ డీజిల్ ఇంజను, ఫిన్ కీల్ (అడుగున లోతుగా దిగే బరువు రెక్క). రెండోది 1976 వెస్ట్‌సెయిల్ 32, అడుగుతున్నది 27,000. దీన్ని చూసినప్పటి నుంచీ నాకు నిద్ర లేదు, అంత బాగుంది. రెండూ "ఎక్కి బయల్దేరడమే" అంటున్నాడు బ్రోకర్. మొదట బేలోనే తిరిగి, చెయ్యి తిరిగాక బహామాస్ వెళ్ళాలని ఆశ. నేను హెచ్1బి మీద ఉన్నాను, అదేమైనా అడ్డమా? ఇంటర్నెట్‌లో చదివేకొద్దీ అయోమయం పెరుగుతోంది. బోట్ ఉన్నవాళ్ళు చెప్పండి.

లంగరు
బ్రోకర్‌కి కమీషన్ ఇచ్చేది అమ్మేవాడు. ఆయన మంచివాడే కావచ్చు, కానీ మీ తరఫు మనిషి కాదు. బోట్‌ని పరీక్షించే సర్వేయర్ని మీరే వెతుక్కోండి, బ్రోకర్ చెప్పిన పేరు వద్దు.

తూర్పుగాలి
16,500 అనేది బోట్ ధర. ఖర్చు వేరే. 1984 బోట్‌కి స్టాండింగ్ రిగ్గింగ్, అంటే మాస్ట్‌ని నిలబెట్టే ఆ స్టీల్ తీగలు, ఎప్పుడు మార్చారో అడిగారా? ఉప్పునీటిలో పదీ పదిహేనేళ్ళు దాటితే చాలా ఇన్సూరెన్స్ కంపెనీలు మొహం చిట్లిస్తాయి. ఈ సైజు బోట్‌కి మొత్తం మార్పిస్తే నాలుగైదు వేల డాలర్ల దగ్గర మొదలై పైకి పోతుంది. మెయిన్ సెయిల్, ముందు తెరచాప జెనోవా రెండూ కొత్తవి కుట్టిస్తే ఇంకో అంత. "మార్చాం" అని నోటితో చెబితే చాలదు, రసీదు చూపించమనండి. రసీదు లేకపోతే మార్చలేదనే లెక్క వేసుకోండి.

ఏటా ధరలో పది శాతం ఖర్చవుతుందని అందరూ చెప్పే లెక్క పాత బోట్లకు పనికిరాదు. స్లిప్ (మెరీనాలో బోట్ కట్టే చోటు) అద్దె, లిఫ్టుతో పైకి తీయడం, బాటమ్ పెయింటు అన్నీ అడుగుల చొప్పునే. బోట్ చవగ్గా దొరికిందని మెరీనా వాడు మీకు తగ్గించడు.

సోలెంట్_శ్రీను
ఇంగ్లండ్ నుంచి. నేను ముందు అడిగే ప్రశ్న ఒక్కటే: నేలకు ఎప్పుడైనా తగిలిందా? 2014 మేలో చీకీ రఫీకీ అనే 40 అడుగుల బెనెటో ఫస్ట్ 40.7 ఆంటిగ్వా నుంచి బ్రిటన్ తిరిగొస్తూ అట్లాంటిక్ మధ్యలో కీల్ ఊడిపోయి తలకిందులైంది. నలుగురు పోయారు. దర్యాప్తు నివేదికలో తేలిందేమిటంటే, అడుగున బలం కోసం లోపల అతికించే గ్రిడ్ హల్ (బోట్ పెంకు) నుంచి విడిపోవచ్చు, పాత గ్రౌండింగ్ (నేలకు తగిలిన) దెబ్బలు దాన్ని ఇంకా బలహీనం చేయవచ్చు, పైకి మాత్రం ఏమీ కనిపించకపోవచ్చు. కీల్ బోల్టుల చుట్టూ తుప్పు మరకలు, గ్రిడ్ అంచుల్లో వెంట్రుకంత పగుళ్ళు, కీల్‌కి వెనకవైపు లోపల నేల కొంచెం ఉబ్బి ఉండటం, ఇవి టార్చి వేసి చూడండి.

లంగరు
శ్రీను గారూ, చెసపీక్‌లో నేలకు తగలని బోట్ ఉండదండీ 🙂 ఇక్కడ సగటు లోతే 21 అడుగులు, క్రీక్‌ల్లోకి వెళ్తే ఆరడుగులు ఉంటే గొప్ప. కానీ అంతా మెత్తటి బురద. రాతికి కొట్టుకోవడం, బురదలో కూరుకోవడం ఒకటి కాదు.

సోలెంట్_శ్రీను
నిజమే, ఒప్పుకుంటా. అయినా ఆ బోట్ పుట్టినప్పటి నుంచీ బేలోనే ఉందని మీకు ఎవరు చెప్పారు?

మస్తూలు
కాటలీనా 30 గురించి కొన్ని మాటలు. ఆరువేలకు పైగా తయారైన బోట్ కాబట్టి దాని జబ్బులన్నీ జగమెరిగినవే. పాతవాటిని కొనడంలో ఉన్న లాభం అదే, ఎక్కడ చూడాలో ముందే తెలుసు.

కీల్ ముందు అంచున, హల్‌తో కలిసే చోట వంకరగా పగులు వస్తుంది, దాన్ని "కాటలీనా స్మైల్" అంటారు. పాత బోట్లలో హల్ అడుగున కీల్ బిగించే కీల్ స్టబ్ లోపల ప్లైవుడ్ ఉంటుంది. అది పొడిగా ఉంటే బోల్టులు బిగించి, సందు నింపితే పని అయిపోతుంది. తడిసి కుళ్ళి ఉంటే ఎంత బిగించినా నొక్కుకుపోతూనే ఉంటుంది.

మాస్ట్ బరువు మోసే కంప్రెషన్ పోస్ట్ కింద చెక్క దిమ్మ ఉంటుంది. అది కుళ్ళితే పోస్ట్ దిగిపోతుంది, పైన డెక్ సొట్ట పడుతుంది, టాయిలెట్ తలుపు సరిగ్గా పడదు. ఆ తలుపు తెరిచి మూసి చూడండి.

మూడోది వైరింగ్. ఆ కాలం యూనివర్సల్ ఇంజన్లలో ఛార్జింగ్ కరెంటంతా కాక్‌పిట్ ప్యానెల్ మీది అమ్మీటర్ దాకా వెళ్ళి తిరిగి వస్తుంది. దారిలో ప్లగ్ కనెక్టర్లు ఉంటాయి, అవి వేడెక్కి కరుగుతాయి. ఆ ప్లగ్గులు తీసేసి వోల్ట్‌మీటర్ పెట్టారా లేదా కనుక్కోండి. పెద్ద ఖర్చు కాదు, కానీ అది చేయని బోట్‌లో నేను పిల్లల్ని పడుకోబెట్టను.

అలలరాణి
ఇంతవరకూ డెక్ గురించి ఎవరూ ఎత్తలేదేం? నా దృష్టిలో పాత బోట్ బతుకు డెక్‌లోనే ఉంది. రెండు ఫైబర్‌గ్లాస్ పొరల మధ్య బాల్సా చెక్కో ప్లైవుడ్డో పెడతారు. రెయిలింగ్ స్టాంషన్లు (నిలువు కడ్డీలు), తాళ్ళు కట్టే క్లీట్లు, విండోలు బిగించిన ప్రతి బోల్టు రంధ్రమూ నీటికి దారే. చలికాలం ఆ నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తుంది, పొర విడిపోతుంది. అలా ఏళ్ళ తరబడి.

స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో డెక్ అంతా కొట్టుకుంటూ రండి, కొబ్బరికాయ తట్టి చూసినట్టు. టక్ టక్ అని గట్టిగా మోగితే మంచిది. డబ్ అని చప్పబడ్డ చోటల్లా మాస్కింగ్ టేప్ ముక్క అంటించండి. చివరికి దూరంగా నిలబడి చూస్తే ఎంత మేర తడిసిందో తెలిసిపోతుంది. మా డాక్‌లో ఒకాయన కొనబోయిన బోట్ ఫోర్‌డెక్ సగం టేపుతోనే నిండిపోయింది. ఆయన అక్కడితో ఆగిపోయాడు. డెక్ కోర్ (ఆ మధ్య చెక్క) మార్చే పని యార్డ్‌కి ఇస్తే ఈ ధర బోట్లలో బిల్లు బోట్ కంటే ఎక్కువ అవుతుంది.

రిగ్గింగ్ తీగల్ని బోట్‌కి బిగించే చెయిన్‌ప్లేట్లు కూడా అంతే. స్టెయిన్‌లెస్ స్టీల్ గాలి తగలకుండా తడి చెక్క మధ్య ఉంటే లోపల్లోపల తినేస్తుంది. బయట మెరుస్తూనే ఉంటుంది. కనీసం ఒకటి ఊడదీసి చూడటానికి ఒప్పుకోమని అడగండి.

పడవపిచ్చి
అక్కా, ఈ టేప్ పద్ధతి శనివారమే చేస్తాను. వెస్ట్‌సెయిల్ గురించి ఎవరూ ఏమీ అనలేదు. బహామాస్ వెళ్ళాలంటే అలాంటి గట్టి బోట్ కావాలి కదా?

మహాసముద్రం
వెస్ట్‌సెయిల్ కొనండి. అసలైన బోట్ అది. 1991 అక్టోబరు చివర్లో వచ్చిన ఆ భయంకర తుఫానులో సటోరి అనే వెస్ట్‌సెయిల్ 32 నుంచి కోస్ట్ గార్డ్ మనుషుల్ని దించేసింది. బోట్ మటుకు తనంతట తాను తేలుతూ వచ్చి మీ మేరీలాండ్ అసటీగ్ దీవి ఒడ్డున ఇసుకలో ఆగింది. దాన్ని మళ్ళీ నీళ్ళలో దించి వాడుకున్నారు. మన నేవీలో పనిచేసిన అభిలాష్ టోమీ గారు, ఒంటరిగా భూమి చుట్టే గోల్డెన్ గ్లోబ్ రేసులో 2023లో రెండో స్థానంలో వచ్చింది కూడా రస్లర్ 36 అనే అలాంటి బోట్ మీద. ఆ రేసు నిబంధనే అది, 1988కి ముందు డిజైన్, నిడుపాటి కీల్, దాని వెనక అంచుకే చుక్కాని. ఎందుకు పెట్టారంటారు ఆ నిబంధన?

లంగరు
అభిలాష్ గారంటే నాకూ ప్రాణమే. కానీ ఆయన వెళ్ళింది దక్షిణ మహాసముద్రానికి. వీళ్ళు వెళ్ళేది పీతల కూర తినడానికి బే ఒడ్డునే ఉన్న సెయింట్ మైకేల్స్‌కి. కాటలీనా 30 బరువు 10,200 పౌండ్లు, వెస్ట్‌సెయిల్ 32 దాదాపు 19,500. జూలై ఆగస్టుల్లో బేలో గాలే ఉండదు. అయిదారు నాట్ల గాలికి వెస్ట్‌సెయిల్ కదలదు, వేసవంతా ఇంజను మీదే తిరుగుతారు. ఇరుకు మెరీనాలో వెనక్కి నడపడం ఇంకో పరీక్ష.

మహాసముద్రం
గాలి లేని రోజు లంగరేసుకుని కూర్చోండి. గాలి ముదిరిన రోజు ఏ బోట్‌లో ఉండాలనుకుంటారో అది చెప్పండి. బేలో మధ్యాహ్నం ఉరుముల వాన ఎలా విరుచుకుపడుతుందో మీకూ తెలుసు.

అలలరాణి
ఆ వాన అరగంటలో పోతుంది. సెయిల్స్ ముందే దించేస్తే కాటలీనా చక్కగా నిలబడుతుంది. బహామాస్ కూడా అంతే. మయామి నుంచి బహామాస్‌లోని బిమినికి దాదాపు 45 నాటికల్ మైళ్ళు. గల్ఫ్ స్ట్రీమ్ ఉత్తరానికి పారుతుంది, ఉత్తర గాలి వీచే రోజు దానికి ఎదురై అలలు నిట్టనిలువుగా లేస్తాయి. అలాంటి రోజు ఏ బోట్‌లోనూ దాటకూడదు. ఓపిక పట్టి మంచి రోజు చూసుకుని 30 అడుగుల ప్రొడక్షన్ బోట్లలో ఏటా ఎంతోమంది దాటుతూనే ఉన్నారు. అక్కడికి చేరాక కావలసింది లోతు తక్కువ కీల్. కాటలీనా 30 ఫిన్ కీల్‌కి 5 అడుగుల 3 అంగుళాలు కావాలి, అడుగున రెక్కలుండే పొట్టి వింగ్ కీల్‌కి 3 అడుగుల 10 అంగుళాలే. బేకీ బహామాస్‌కీ కూడా రెండోదే సుఖం. వింగ్ కీల్‌ది ఇంకోటి దొరుకుతుందేమో వెతికారా?

మస్తూలు
ఇంకో సంగతి, వెస్ట్‌సెయిల్ 32ల్లో దాదాపు సగం కిట్లుగా అమ్మారు. వాటిలో హల్, డెక్ ఫ్యాక్టరీవి, లోపలి చెక్కపని, వైరింగ్, ప్లంబింగ్ కొన్నవాళ్ళు ఇంటి పెరట్లో చేసుకున్నవి. కొన్ని అద్భుతంగా ఉంటాయి, కొన్నిట్లో బల్క్‌హెడ్ (లోపలి అడ్డగోడ) ఎలా అతికించారో దేవుడికే తెలియాలి. ఇది ఫ్యాక్టరీలో పూర్తి చేసిందా, కిట్టా అని అడగండి. ముందుకి పొడుచుకొచ్చిన ఆ చెక్క దూలం, బౌస్‌ప్రిట్, బిగింపుల దగ్గర కుళ్ళిందేమో గుచ్చి చూడండి, మాస్ట్‌ని ముందునుంచి పట్టే ఫోర్‌స్టే తీగ భారం మోసేది అదే.

డీజిల్_బాబాయ్
ఇంజను విషయం నాకు వదిలేయండి. ముప్పై ఏళ్ళు ఇదే పని.

మీరు వెళ్ళేసరికి ఇంజను చల్లగా ఉండాలి. ముందే ఫోన్ చేసి "స్టార్ట్ చేయొద్దు" అని చెప్పండి. వెళ్ళగానే బ్లాక్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే "మధ్యాహ్నం మళ్ళీ వస్తాను" అని చెప్పి టీ తాగి రండి. చల్లటి డీజిల్ ఎలా అందుకుంటుందో చూస్తే సగం జాతకం తెలిసిపోతుంది. నల్లపొగ అంటే లోడు ఎక్కువ, లేదా గాలి అందట్లేదు. నీలంపొగ అంటే ఆయిల్ మండుతోంది. తెల్లపొగ వేడెక్కాక కూడా ఆగకపోతే ఆలోచించాల్సిందే. ఎగ్జాస్ట్‌తో పాటు నీళ్ళు దండిగా పడాలి.

గంటల మీటర్ చూసి మోసపోకండి. తక్కువ గంటలు అని ఎగరడమే పెద్ద పొరపాటు. డీజిల్ పనిచేసి చావదు, పనిలేక చస్తుంది. ఏడాదికి పది గంటలు తిరిగిన ఇంజను కంటే, ఆయిల్ మార్చిన తేదీలన్నీ పుస్తకంలో రాసి ఉన్న మూడువేల గంటల ఇంజను మేలు. సీ ట్రయల్‌లో (నీళ్ళ మీద నడిపి చూసేటప్పుడు) పది నిమిషాలు పూర్తి థ్రాటిల్ మీద నడపండి. రేటెడ్ ఆర్‌పీఎం అందుకోవాలి, వేడి పెరగకూడదు. ఓనరు "అంత వద్దు లెండి" అంటే ఎందుకో అడగండి. ఎగ్జాస్ట్ ఎల్బో (పొగగొట్టం వంపు) మసితో మూసుకుపోయిందేమో విప్పి చూడమనండి. ఆయిల్ శాంపిల్ ల్యాబ్‌కి పంపండి, ఖర్చు కొంచెమే.

పడవపిచ్చి
బాబాయ్, ఈ ధరకి సర్వేయర్ అవసరమా? మీరంతా చెప్పిన లిస్టుతో నేనే చూసుకుంటే?

డీజిల్_బాబాయ్
నువ్వు చూసుకో. కొననవసరం లేని బోట్లని నీ కళ్ళతో నువ్వే ఏరేయొచ్చు, ఒక్కోదానికీ సర్వే ఫీజు మిగులుతుంది. కొనబోయేదానికి మాత్రం సర్వేయర్ కావాలిరా అబ్బాయ్.

లంగరు
పైగా ఇంత పాత బోట్‌కి సర్వే రిపోర్టు లేకుండా ఇన్సూరెన్స్ రాదు, ఇన్సూరెన్స్ లేకుండా చాలా మెరీనాలు స్లిప్ ఇవ్వవు. సర్వేయర్ల సంఘాలైన ఎస్ఏఎంఎస్ గానీ ఎన్ఏఎంఎస్ గానీ గుర్తింపు ఉన్నవారిని పట్టుకోండి. అడుగుకి 20 నుంచి 30 డాలర్ల మధ్య తీసుకుంటారు, బోట్‌ని లిఫ్టుతో పైకి తీయించడం దీనికి అదనం. ఆ రోజంతా పక్కనే ఉండండి. రాతలో పెట్టని మాటలు నోటితో చెబుతారు.

ఆఫర్ రాసేటప్పుడు సర్వే, సీ ట్రయల్ మీ మనసుకు నచ్చితేనే కొంటాం అనే షరతు ఉండాలి. మామూలుగా పది శాతం అడ్వాన్సు, అది ఎస్క్రోలో, అంటే మధ్యవర్తి ఖాతాలో ఉండాలి, అమ్మేవాడి జేబులో కాదు.

కాగితాలపులి
హెచ్1బి సంగతి అడిగారు, ఎవరూ చెప్పలేదు. బోట్ కొనడానికి ఏ అడ్డమూ లేదు. రాష్ట్రం ఇచ్చే టైటిల్ (యాజమాన్య పత్రం), రిజిస్ట్రేషన్‌కి పౌరసత్వం అక్కర్లేదు. కోస్ట్ గార్డ్ డాక్యుమెంటేషన్, అంటే కేంద్రం దగ్గర చేసే నమోదు మాత్రం అమెరికా పౌరులకే, గ్రీన్ కార్డు ఉన్నా రాదు. మీరు చూస్తున్న బోట్ ఇప్పటికే డాక్యుమెంటెడ్ అయితే, ముందు దాన్ని రద్దు చేయించి ఆ కాగితంతో మీరు బోట్ ఉంచే రాష్ట్రపు టైటిల్‌కి వెళ్ళాలి. ఆ పని అమ్మేవాళ్ళ చేత చేయించండి, ఒప్పందంలోనే రాయించండి.

బాకీలు చూసుకోండి. యార్డ్‌కి కట్టని బిల్లు పాత ఓనరుని కాదు, బోట్‌ని పట్టుకుని వస్తుంది. డాక్యుమెంటెడ్ బోట్ అయితే దాని టైటిల్ చరిత్ర తెప్పించుకోవచ్చు, నమోదైన లీన్లు (బోట్ మీద బాకీ హక్కులు) అందులో కనిపిస్తాయి. చిన్న యార్డ్ బిల్లులు అక్కడికి ఎక్కకపోవచ్చు కాబట్టి బోట్ ఉన్న యార్డ్‌కి ఫోన్ చేసి నేరుగా అడగండి. బోట్ వెనక, కుడివైపు పైన 12 అక్షరాల హెచ్ఐఎన్ అనే గుర్తింపు నంబరు ఉంటుంది. కాగితం మీదిదీ అదీ అక్షరం అక్షరం కలవాలి.

బహామాస్ విషయం: వాళ్ళ వీసా నిబంధనలు ముందే చూసుకోండి. తిరిగొచ్చేటప్పుడు పాస్‌పోర్టులో గడువున్న అమెరికా వీసా స్టాంపు ఉండాలి. స్టాంపు గడువు తీరినా 30 రోజుల లోపు వెళ్ళిరావచ్చనే వెసులుబాటు హెచ్1బి వాళ్ళకు కెనడా, మెక్సికోలకే, బహామాస్‌కి లేదు. సొంత బోట్‌లో వచ్చామంటే వదిలేయరు.

విశాఖ_రేవు
నేవీలో పనిచేసి రిటైరయ్యాను, విశాఖలో ఉంటాను. ఇంత చర్చలో చుక్కానిని ఎలా పరీక్షించాలో ఒక్క ముక్క లేదు. నేవీ సెయిల్‌బోట్ ఐఎన్ఎస్‌వీ తారిణి మీద 2017 సెప్టెంబరు నుంచి 2018 మే దాకా ఆరుగురు నేవీ ఆడపిల్లలు భూమి చుట్టి వచ్చారు. అందులో స్వాతి మా విశాఖ పిల్ల, ఐశ్వర్య హైదరాబాద్ పిల్ల. మూడు మహాసముద్రాలు దాటి, కేప్ హార్న్ దాటి వచ్చాక స్టీరింగ్ ఇబ్బంది పెట్టింది. అనుకోకుండా మారిషస్‌లో ఆగి బాగుచేసుకున్నారు. నేవీ చూసుకునే బోట్‌కే అలా జరిగితే, నలభై ఏళ్ళ బోట్‌లో ఎవరూ తెరిచి చూడని స్టీరింగ్ కేబుళ్ళ సంగతి ఏమిటి?

కాక్‌పిట్ లాకర్‌లోకి దూరి క్వాడ్రంట్ (చుక్కానిని తిప్పే భాగం), కేబుళ్ళు, పుల్లీలు చూడండి. కేబుల్ మీద టిష్యూ కాగితం తుడవండి, పోగు తెగి ఉంటే చిక్కుకుంటుంది. బోట్ పైకి లేపినప్పుడు చుక్కానిని రెండు చేతులతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. స్టీరింగ్ పోతే చుక్కానిని తిప్పే కర్ర, ఎమర్జెన్సీ టిల్లర్ ఎక్కడుందో చూపించమనడం కాదు, బిగించి చూపించమనండి.

పడవపిచ్చి
సార్, ఆ ఆరుగురి ఫోటో మా అమ్మాయి గోడ మీద ఉంది. తప్పకుండా చూస్తాను.

గోదారమ్మ
మీరంతా బోట్ గురించి చెప్పారు, అందులో ఉండే మనుషుల గురించి నేను చెబుతా. పడవపిచ్చి గారూ, మీ ఆవిడని తీసుకెళ్ళి బంకుల్లో పడుకోమనండి, గ్యాలీలో, అంటే వంటచోట నిలబడమనండి, టాయిలెట్‌లో తలుపు వేసుకుని కూర్చోమనండి. బోట్ ఒరిగినప్పుడు చేతికి పట్టు ఎక్కడ దొరుకుతుంది? ఇండియా నుంచి అమ్మావాళ్ళు వస్తే డాక్ మీంచి ఎలా ఎక్కుతారు? ఆవిడకి నచ్చని బోట్ డాక్ దాటదు. ఈ విషయంలో కాటలీనా 30 లోపల ఉన్నంత విశాలం ఆ సైజులో మరోటి కష్టం.

టాయిలెట్ గొట్టాలు వాసన పట్టాయా తెలుసుకోవాలంటే వేడినీళ్ళలో ముంచిన గుడ్డతో గొట్టాన్ని తుడిచి ఆ గుడ్డ వాసన చూడండి. గుడ్డకి వాసన ఉంటే గొట్టాలన్నీ మార్చాలి.

స్టవ్ గ్యాస్‌దైతే సిలిండర్ పెట్టే లాకర్‌కి అడుగున బయటికి రంధ్రం ఉండాలి. ఈ గ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే బోట్ అడుక్కి చేరి కూర్చుంటుంది. ఇంట్లో కిటికీ తీసినట్టు తీస్తే పోదు. వంటకి కుక్కర్ తీసుకెళ్ళండి, మూత బిగించి ఉంటుంది కాబట్టి బోట్ ఊగినా ఒలకదు.

తూర్పుగాలి
పోపు పెట్టేటప్పుడు పై హాచ్ తెరవండి, లేకపోతే కుషన్లన్నీ ఆర్నెల్లు ఇంగువ వాసనే 😄

గోదారమ్మ
ఇంగువ వాసన ఇష్టం లేనివాళ్ళు మా బోట్ ఎక్కక్కర్లేదు 😄

సోలెంట్_శ్రీను
ఒక హెచ్చరిక. ఫ్లోరిడాలో 2022 సెప్టెంబరు ఇయన్ తుఫానులో ఎన్నో బోట్లు దెబ్బతిన్నాయని చదివాను. అలాంటివి రంగులేసుకుని వేరే రాష్ట్రాల్లో తేలడం సహజం. మీ రెండు బోట్ల పాత రిజిస్ట్రేషన్లు ఏ రాష్ట్రానివో చూడండి.

పడవపిచ్చి
శనివారం వెళ్ళొచ్చాం. వెస్ట్‌సెయిల్ కిట్టే. లోపల పని చాలా శుభ్రంగా ఉంది, కానీ బౌస్‌ప్రిట్ మొదట్లో స్క్రూడ్రైవర్ దిగబడింది. మా ఆవిడ రెండు నిమిషాల్లో బయటికి వచ్చేసింది, లోపల చీకటి అంది. మహాసముద్రం గారూ, మనసు అక్కడే ఉంది గానీ దాన్ని వదిలేశాం.

కాటలీనాకి డెక్ అంతా తట్టాను. ఎడమవైపు ఒక స్టాంషన్ చుట్టూ, మాస్ట్ పక్కన ఒక చోట తప్ప టేపు పడలేదు. టాయిలెట్ తలుపు మామూలుగానే పడుతోంది. వోల్ట్‌మీటర్ పెట్టారు. రిగ్గింగ్‌కి 2016 రసీదు చూపించారు. ఇంజను చల్లగానే ఉంది, వెంటనే అందుకుంది. కీల్ నీళ్ళలో ఉంది కాబట్టి స్మైల్ సంగతి తెలియదు. 13,000కి ఆఫర్ పెట్టాం, 14,200కి ఒప్పుకున్నారు, సర్వే షరతుతో. వచ్చే గురువారం యార్డ్‌లో లిఫ్టు. ఆ రోజు కీల్ దగ్గర ప్రత్యేకంగా ఏం చూడాలి?

మహాసముద్రం
బౌస్‌ప్రిట్ కొత్తది చేయించొచ్చు. సరే, ఇంటావిడ మాటే ముఖ్యం. మీకు నిండా గాలి దొరకాలి.

మస్తూలు
లిఫ్టు బెల్టుల్లో వేలాడుతున్నప్పుడే చూడండి, నేల మీద దించకముందు. అప్పుడు కీల్ బరువంతా కిందికి లాగుతుంది కాబట్టి సందు ఉంటే విచ్చుకుంటుంది. దించి కీల్ మీద నిలబెడితే అదే సందు మూసుకుపోతుంది. నీళ్ళతో కడిగాక చుట్టూ ఆరనివ్వండి. ఆ తర్వాత కూడా ఆ గీత నుంచి చెమ్మ ఊరుతోందా, తుప్పు రంగు నీరు కారుతోందా చూడండి. భోజనం వేళ దాకా బెల్టుల్లోనే ఉంచమని యార్డ్ వాళ్ళని అడగండి, సర్వే కోసమంటే చాలాచోట్ల ఒప్పుకుంటారు. ఈలోపు ఒకరు లోపలికి వెళ్ళి బిల్జ్‌లో (బోట్ అడుగు గుంటలో) కీల్ బోల్టుల చుట్టూ ఫోటోలు తీయండి. 2016 రిగ్గింగ్ అంటే చెయిన్‌ప్లేట్లు కూడా అప్పుడే తీశారా అనేది ఆ రసీదులోనే ఉంటుంది, చదవండి.

డీజిల్_బాబాయ్
గురువారం నేను డెల్టావిల్ వైపే ఉంటా. పొద్దున్న ఎన్నింటికో ఇక్కడే రాయి, ఎల్బో నేనే విప్పి చూస్తా.